బయట సంచులు పట్టుకున్నదెవరు?

పిల్లలూ! మీలో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్లు ఎంతమంది? సరే, చేతులు దించండి. ఎక్కుదామని ఆశగా వెళ్లి, ఎక్కకుండా తిరిగివచ్చినవాళ్లు ఎంతమంది? ఈ నెల కబుర్లు ముఖ్యంగా ఈ రెండోరకం వాళ్ల కోసం.

గత సంవత్సరం మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను విహారయాత్రకు ఒక వినోదాల పార్కుకు తీసుకువెళ్లాను. అక్కడ రోలర్ కోస్టర్ గేటు ముందు ఒక కొలబద్ద నిలబెట్టి ఉంది. దానిమీద ఎర్రగీత. తల ఆ గీతను తాకితేనే లోపలికి పంపుతారు. మా తరగతిలో అందరికన్నా పొట్టివాడొకడు బూట్లలో పాత పేపరు మడిచి పెట్టుకుని వచ్చాడు. ఆ సంగతి నాకు తెలియదు. గేటు దగ్గరి మనిషి మాత్రం వాడి నడక చూసి కనిపెట్టేశాడు. బూట్లు విప్పించి మళ్లీ నిలబెట్టాడు. గీతకు రెండు వేళ్లు తక్కువ! తక్కినవాళ్లంతా కేకలు వేసుకుంటూ లోపలికి పరుగెత్తారు. పోతూపోతూ తమ సంచులన్నీ వీడి మీద పడేశారు. నేను వాడి పక్కనే గట్టుమీద కూర్చున్నాను.

కొంతసేపు వాడు మాట్లాడలేదు. తరువాత అడిగాడు. "సార్, ఈ కోస్టరే ఇక్కడ పెట్టాలని ఎవరు నిర్ణయించారు? మాలాంటివాళ్లు కూడా వస్తారని వాళ్లకు తెలియదా?"

మంచి ప్రశ్న. ఆ గీత ఎందుకు గీశారో అప్పుడే చెప్పగలిగాను. కాని, కొత్త కోస్టర్‌ను పార్కువాళ్లు ఏ లెక్క ప్రకారం ఎంచుకుంటారో తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ రెండు సంగతులూ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

మొదటి రోజుల్లో

రోలర్ కోస్టర్‌కు ముత్తాతలు రష్యాలో పుట్టాయి. అక్కడ చలికాలంలో చెక్కలతో ఎత్తైన కట్టడాలు కట్టి, వాటి వాలుమీద నీళ్లుపోసి మంచుగడ్డ కట్టనిచ్చి, దానిమీదనుంచి జారేవారు. చక్రాలతో పట్టాలమీద పరుగెత్తే రకం అమెరికాలో పేరు తెచ్చుకున్నది 1884లో. న్యూయార్కు దగ్గర సముద్రపు ఒడ్డున కోనీ ఐలాండ్ అనేచోట లామార్కస్ థామ్సన్ అనే ఆయన దానిని కట్టాడు. దాని వేగం ఎంతో తెలుసా? గంటకు 6 మైళ్లు, అంటే సుమారు 10 కిలోమీటర్లు. సైకిలు తొక్కేవాడు సులువుగా దాటిపోతాడు! టిక్కెట్టు 5 సెంట్లు. అయినా జనం విరగబడి ఎక్కారు.

ఆ తరువాత పోటీ మొదలైంది. ఒకడు ఎత్తు పెంచితే, రెండోవాడు వేగం పెంచాడు. 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్, పట్టాలకు అడుగుభాగాన కూడా చక్రాలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. పై చక్రాలు బండిని మోస్తాయి. అడుగు చక్రాలు బండిని పైకి లేవకుండా పట్టుకుంటాయి. దీనితో కోస్టర్లు ఇంకా నిటారుగా దూకగలిగాయి.

ఈ పోటీకి దూరంగా ఒక తండ్రి మరోరకంగా ఆలోచించాడు. ఆయనే వాల్ట్ డిస్నీ. సెలవురోజుల్లో తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజిలస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీమీద కూర్చుని వేరుశనగకాయలు తింటూ ఉండేవాడట. పిల్లలు తిరుగుతుంటే పెద్దలు ఊరికే కూర్చోవడమేమిటి, అందరూ కలిసి ఆడుకునే చోటు ఉండకూడదా అని ఆ బెంచీమీదనే తనకు తోచిందని తరువాత చెప్పుకున్నాడు. 1955లో ఆయన డిస్నీలాండ్ తెరిచాడు. 1959లో అక్కడ మాటర్‌హార్న్ అనే కృత్రిమ పర్వతం కట్టి, దానిలో కోస్టర్ నడిపాడు. ఉక్కు గొట్టాలను పట్టాలుగా వాడిన మొదటి కోస్టర్ అదే.

చూశారా! ఆ రోజున మా కుర్రవాడూ నేనూ గట్టుమీద కూర్చున్నట్లే, ఆయనా బయట కూర్చున్నవాడే.

నలుగురు మనుషులు, రెండు సీట్లు

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక ఇంట్లో అమ్మ, నాన్న, పన్నెండేళ్ల అక్క, ఆరేళ్ల తమ్ముడు ఉన్నారనుకోండి. నలుగురూ పార్కుకు వెళ్లారు. అక్కడ పెద్ద కోస్టర్ గీత 122 సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఆరేళ్ల పిల్లలు సాధారణంగా అంత ఎత్తు ఉండరు. కనుక తమ్ముడు బయట ఆగిపోయాడు. వాడిని ఒంటరిగా వదలలేరు గదా! కాబట్టి అమ్మో నాన్నో ఒకరు ఆగాలి. ఇక మిగిలిందెవరు? ఇద్దరే. నలుగురు టిక్కెట్టు కొంటే ఇద్దరే ఎక్కారు.

అదే గీత 99 సెంటీమీటర్ల దగ్గర ఉంటే? నలుగురూ ఎక్కుతారు. గీత 23 సెంటీమీటర్లు కిందికి దిగితే ఎక్కేవాళ్లు రెట్టింపయ్యారు!

కొన్ని పార్కులలో బయట ఆగిన తల్లికోసం ఒక సదుపాయం ఉంది. తండ్రి దిగగానే ఆమె మళ్లీ క్యూలో నిలబడకుండా ఎక్కవచ్చు. మంచిదే. కాని తమ్ముడి బాధ తీరలేదు. నలుగురూ ఒకేసారి కేక వేసే ఆనందమూ దొరకలేదు.

అందుకే కుటుంబాలు ఎక్కువగా వచ్చే పార్కువాళ్లు కొత్తది కొనేముందు తమ పార్కులోనే తిరిగి చూస్తారు. ఏ క్యూ ఎంత పొడుగుంది? ఏ వయసువాళ్లకు ఎక్కడానికి ఏమీ లేదు? ఏ గేటు ముందు ఎంతమంది సంచులు పట్టుకుని నిలబడ్డారు? వచ్చినవాళ్లను అడిగి తెలుసుకుంటారు. ఆ ఖాళీని పూరించేది ఏదో వెతుకుతారు. ఎక్కువ ఎత్తుదా, ఎక్కువ వేగందా అన్న ప్రశ్నలు ఆ తరువాతవి.

ఒకే పార్కు, రెండు కోస్టర్లు

ఇందుకొక మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. టెనెసీ రాష్ట్రంలో గ్రేట్ స్మోకీ పర్వతాల దగ్గర పిజన్ ఫోర్జ్ అనే చిన్న ఊరు. అక్కడి పార్కు పేరు డాలీవుడ్. ప్రసిద్ధ గాయని డాలీ పార్టన్ ఆ ప్రాంతపు కొండల్లోనే పుట్టి పెరిగింది. అంతకుముందు వేరే పేరుతో ఉన్న పార్కులో ఆమె భాగస్వామిగా చేరిన తరువాత, 1986లో దానికి ఈ పేరు వచ్చింది.

2016లో ఈ పార్కు లైట్నింగ్ రాడ్ అనే చెక్క కోస్టర్‌ను తెరిచింది. ఖర్చు సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు. మామూలు కోస్టర్‌ను గొలుసు మెల్లగా కొండ ఎక్కిస్తుంది. దీన్ని మాత్రం విద్యుదయస్కాంత మోటార్లు ఒక్క తోపుతో పైకి విసిరేవి. చెక్క కోస్టర్లలో ఇలాంటిది ప్రపంచంలో ఇదే మొదటిది. 165 అడుగుల దూకుడు, గంటకు 73 మైళ్ల వేగం. గీత 48 అంగుళాల దగ్గర, అంటే 122 సెంటీమీటర్లు. ధైర్యస్తులు దూరదూరాలనుంచి వచ్చారు.

కాని, మొదటిసారి చేసిన వస్తువుకు తిప్పలు ఎక్కువ. ఇది చాలాసార్లు ఆగిపోయేది. 2021లో దాని చెక్క దారిలో సగానికి పైగా తీసివేసి ఉక్కుదారి వేశారు. చివరకు ఆ తోపు మోటార్లనే తీసేసి, 2024 నుంచి గొలుసుతో కొండ ఎక్కిస్తున్నారు. ఏ విశేషంకోసం ఎంచుకున్నారో ఆ విశేషాన్నే వదులుకోవలసి వచ్చిందన్నమాట. ఆగిపోయిన కోస్టర్ ఎంత ఎత్తున్నా, ఆ రోజు వచ్చినవాళ్లకు అది ఉత్త బొమ్మే గదా!

ఇదే పార్కు 2019లో వైల్డ్‌వుడ్ గ్రోవ్ అని పిల్లలున్న కుటుంబాల కోసం ఒక కొత్త భాగం తెరిచింది. 2023లో దాని చుట్టూ తిరిగేటట్లు బిగ్ బేర్ మౌంటెన్ అనే కోస్టర్ కట్టింది. ఖర్చు 2 కోట్ల 50 లక్షల డాలర్లు. అప్పటివరకు ఆ పార్కు ఒక్క రైడుమీద అంత డబ్బు పెట్టలేదు. ఇది ఎంత ఎత్తు అనుకున్నారు? 66 అడుగులే! వేగం గంటకు 48 మైళ్లు. తలకిందులు చేయదు. కాని పొడవు 3,990 అడుగులు, అంటే 1,200 మీటర్లకు పైన. మధ్యలో మూడుచోట్ల రబ్బరు చక్రాలు బండిని పట్టి ముందుకు తోస్తాయి. ఒక జలపాతం వెనకనుంచి కూడా పోతుంది. గీత 39 అంగుళాల దగ్గర, అంటే 99 సెంటీమీటర్లు.

చిన్న కోస్టర్‌కు పెద్ద కోస్టర్ కన్నా ఎక్కువ ఖర్చు ఎందుకు పెట్టారో ఇప్పుడు మీరే చెప్పగలరు. మన లెక్కలోని తమ్ముడు లైట్నింగ్ రాడ్ గేటు దగ్గర ఆగిపోతాడు. బిగ్ బేర్ మౌంటెన్ దగ్గర అక్క పక్కన కూర్చుంటాడు.

ఎత్తుకూ వేగానికీ సంబంధం

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం. భయపడకండి, సులువైనదే.

ఎత్తున ఉన్న వస్తువుకు స్థితిజశక్తి ఉంటుంది. అది కిందికి వస్తున్నకొద్దీ ఆ శక్తి గతిజశక్తిగా మారుతుంది. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, అడుగున బండి వేగం ఎంతో కనుక్కోవడానికి ఒక చిట్కా ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని 20తో గుణించండి. దాని వర్గమూలం తీయండి. అదే సెకనుకు ఇన్ని మీటర్లని వేగం. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది. బండి బరువు ఈ లెక్కలో ఎక్కడా రాదు, గమనించారా? ఖాళీ బండికీ నిండు బండికీ జవాబు ఒకటే.

బిగ్ బేర్ మౌంటెన్ ఎత్తు 66 అడుగులు, అంటే 20 మీటర్లు. 20ని 20తో గుణిస్తే 400. వర్గమూలం 20. అంటే గంటకు 72 కిలోమీటర్లు. అసలు వేగం 48 మైళ్లు, అంటే 77 కిలోమీటర్లు. ఆ 5 కిలోమీటర్లు ఎక్కడివి? ఎత్తునుంచి మాత్రం రాలేదు. మధ్యలో చక్రాలు తోస్తున్నాయని చెప్పాను గదా!

లైట్నింగ్ రాడ్ దూకుడు 165 అడుగులు, అంటే సుమారు 50 మీటర్లు. 50ని 20తో గుణిస్తే 1,000. వర్గమూలం సుమారు 31.6. గంటకు 114 కిలోమీటర్లు. ప్రకటించిన వేగం 117. మొదటి రోజుల్లో బండి శిఖరం దగ్గర ఆగకుండా మోటారు తోపు వేగంతోనే దాటేది కాబట్టి ఆ కాస్త ఎక్కువ.

ఇంకో సంగతి గమనించండి. ఎత్తు 20 మీటర్లనుంచి 50కి, అంటే రెండున్నర రెట్లు పెరిగితే వేగం రెండున్నర రెట్లు పెరగలేదు. సుమారు 1.6 రెట్లే పెరిగింది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి! ఎత్తు పెరిగినకొద్దీ ఉక్కూ పునాదులూ ఖర్చూ పెరుగుతాయి. రికార్డుకోసం పరుగెత్తడం ఎంత ఖరీదైన పనో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

గీత ఎందుకు గీశారు?

మీరు బస్సులో వెనక సీట్లో కూర్చుని ఉంటారు. బస్సు వేగంగా గతుకుమీద ఎగిరితే ఏమవుతుంది? బస్సు కిందికి దిగుతుంది. మీరు మాత్రం జడత్వం వల్ల ఇంకా పైకే పోతుంటారు. సీటుకూ మీకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. కోస్టర్ శిఖరం దాటేటప్పుడు జరిగేదీ ఇదే. పొట్టలో ఏదో జారిపోయినట్లు అనిపించే సరదా అంతా ఆ క్షణంలోనే ఉంది. అపాయం కూడా అక్కడే ఉంది.

ఆ క్షణంలో మిమ్మల్ని పట్టి ఉంచేది తొడలమీదికి దిగే కమ్మీ. అది తొడలకు ఆనుకుని బిగుసుకోవాలి. శరీరం మరీ చిన్నదైతే కమ్మీ ఎంత దించినా కొంత సందు మిగిలిపోతుంది. చిన్నపిల్లలు ఆ సందులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. ఇద్దరికీ కలిపి ఒకే కమ్మీ ఉంటే ఇంకా చిక్కు. అది నాన్నగారి తొడల దగ్గర ఆగిపోతుంది, పక్కనున్న పిల్లవాడికి అందదు. అందుకే కుటుంబాలకోసం చేసే కొత్త కోస్టర్లలో చాలావాటికి ఎవరి కమ్మీ వారికే ఉంటుంది.

మరి వయసు అడగకుండా ఎత్తు ఎందుకు కొలుస్తారు? కమ్మీకి వయసు తెలియదు! కాళ్ల పొడవు, నడుము ఎత్తు, కూర్చుంటే ఎక్కడికి వస్తారు అనేవన్నీ ఎత్తునుబట్టి చాలావరకు తెలుస్తాయి. పైగా కొలబద్దతో ఒక్క క్షణంలో కొలవవచ్చు.

ఇప్పుడు బూట్లలో పేపరు సంగతి చూడండి. పేపరు వల్ల తల పైకి లేచింది. తొడలు లావెక్కాయా? నడుము పెరిగిందా? లేదు. వాడు గేటు మనిషిని మోసం చేయగలడేమో కాని కమ్మీని మోసం చేయలేడు. ఆ రోజు గట్టుమీద ఈ మాటే వాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి బూట్లలోంచి పేపరు తీసి చెత్తబుట్టలో వేశాడు.

కాబట్టి గీతను ఊరికే కిందికి దించకూడదు. కోస్టర్‌నే వేరేగా తయారుచేయాలి. సీటు చిన్న శరీరాలకు సరిపోవాలి, మలుపులు మెత్తగా ఉండాలి, శిఖరాల దగ్గర విసురు తక్కువ కావాలి. అప్పుడు గీత దానంతట అదే దిగుతుంది.

క్యూ లెక్క

అందరూ ఎక్కగలిగితే చాలదు. ఎక్కడానికి వంతు కూడా రావాలి.

ఒక రైలులో 20 సీట్లు, నిమిషానికొక రైలు బయలుదేరుతుందనుకోండి. గంటకు 60 రైళ్లు, 1,200 మంది. చిన్నపిల్లలను కూర్చోబెట్టి కమ్మీలు సరిచూడడానికి నిమిషంన్నర పట్టిందనుకోండి. గంటకు 40 రైళ్లే. 800 మంది. క్యూలో 600 మంది ఉంటే మొదటి లెక్కలో అరగంటలో వంతు వస్తుంది, రెండో లెక్కలో ముప్పావుగంట. మండుటెండలో ఆ పావుగంట ఎంతో మీకు తెలుసు!

మరి రైళ్లు ఎక్కువ పెడితే? పెట్టవచ్చు. కాని మన రైల్వేలలో మాదిరిగానే ఇక్కడా దారిని కొన్ని భాగాలుగా విడగొడతారు. ముందు రైలు ఒక భాగాన్ని వదిలితేగాని వెనక రైలును ఆ భాగంలోకి పోనివ్వరు. రైళ్లు పెంచాలంటే భాగాలూ, వాటి బ్రేకులూ పెంచాలి. ఖర్చు పెరుగుతుంది. ఇదంతా కొనకముందే లెక్కవేసుకోవాలి.

నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ అనే పార్కు 1952 నుంచి ఉంది. జానపద కథల అడవితో పేరు తెచ్చుకున్న పార్కు అది. అక్కడ 1985లో కట్టిన బాబ్ అనే రైడు ఉండేది. పట్టాలు లేకుండా తొట్టిలాంటి దారిలో దొర్లుతూపోయే బండ్లు. 2019లో దాన్ని మూసేసి, ఆ స్థలంలోనే 2020లో మాక్స్, మోరిట్స్ అనే జంట కోస్టర్‌ను తెరిచారు. జర్మన్ కథల్లోని ఇద్దరు అల్లరిపిల్లల పేర్లవి. ఒకే స్టేషను, రెండు దారులు, రెండు రైళ్లు. ఈ రైళ్లు కొండనుంచి జారే రకం కాదు, రైలులోనే విద్యుత్ మోటారు ఉంటుంది. అందువల్ల పెద్ద కొండ అవసరం లేదు. దారులు రెండు కనుక క్యూ కూడా రెండు వైపులా కదులుతుంది.

నేల ఏమంటుంది?

కొన్నిచోట్ల నేలే చాలా సంగతులు నిర్ణయిస్తుంది. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ అనే పార్కు ఉంది. అక్కడ చెట్ల తలలను మించి ఏమీ కట్టకూడదని నిబంధన. మరి పెద్ద కోస్టర్ ఎలా కట్టాలి? పైకి పోలేకపోతే కిందికి పోదామనుకున్నారు! నేలను లోతుగా తవ్వి, ఆ గోతుల్లోంచి పరుగెత్తేటట్లు 1994లో నెమెసిస్ అనే కోస్టర్ కట్టారు. శిఖరం చెట్లను దాటలేదు, దూకుడూ తగ్గలేదు. మన లెక్కలో కావలసింది శిఖరానికీ అడుగుకూ మధ్య తేడాయే గదా!

స్థలం తక్కువగా ఉన్నవాళ్లకు మరో ఉపాయం ఉంది. బండి ముందుకు పోయి, చివర నిటారు దారి ఎక్కి, మళ్లీ అదే దారిలో వెనక్కి రావడం. ఒకే దారి రెండుసార్లు పనికొస్తుంది. హైదరాబాదు దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో రీకాయిల్ అనేది ఇలాంటిదే. అది తలకిందులు చేస్తుంది కనుక పెద్దవాళ్లకే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని హాలిడే వరల్డ్ పార్కువాళ్లు ఇదే ఉపాయంతో 2024లో కుటుంబాల కోస్టర్ కట్టారు. పేరు గుడ్ గ్రేవీ. బండి ఆకారం పులుసు వడ్డించే గిన్నెలాగ ఉంటుంది! తలకిందులు చేయదు. గీత 38 అంగుళాల దగ్గర, అంటే సుమారు 97 సెంటీమీటర్లు.

బిగ్ బేర్ మౌంటెన్, గుడ్ గ్రేవీ రెండూ నెదర్లాండ్స్‌లోని వెకోమా కంపెనీ తయారుచేసినవే. అది మొదట్లో వ్యవసాయ పనిముట్లు చేసిన కంపెనీ అంటే ఆశ్చర్యంగా లేదూ! అంతా బిగించాక మనుషులకు బదులు నీళ్లు నింపిన బొమ్మలను కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ తిప్పి చూస్తారు. ఆ తరువాతే గేటు తెరుస్తారు.

మామ్మ సంగతి?

గీత ఎంత దించినా కోస్టర్ ఎక్కలేనివాళ్లు కొందరు ఉంటారు. మోకాళ్ల నొప్పుల మామ్మ, అమ్మ చంకలోని చంటిబిడ్డ, నడుంనొప్పి ఉన్న మీ మాస్టారు! అందుకని తెలివైన పార్కులు అన్నిసార్లూ కోస్టరే కొనవు. ఎఫ్టెలింగ్ 2017లో 3 కోట్ల 50 లక్షల యూరోలు పెట్టి సింబాలికా అనే మాయామందిరం కట్టింది. దానిలో బండ్లు పట్టాలు లేకుండా గదినుంచి గదికి తిరుగుతాయి. మూడు దారులలో ఏది కావాలో ఎక్కేవాళ్లే ఎంచుకోవచ్చు. దూకుడు లేదు, విసురు లేదు. మామ్మా, మనవరాలూ పక్కపక్కన కూర్చోవచ్చు. అంత డబ్బు పెట్టింది వేగంకోసం కాదు, అందరూ ఒక్కచోట కూర్చోవడంకోసం.

ఇప్పుడు మీరే ఎంచుకోండి

మీరొక పార్కుకు అధికారి అనుకోండి. డబ్బు ఒక్కదానికే ఉంది. ఆదివారంనాడు గేటు దగ్గర నిలబడి వందమందిని లెక్కపెట్టారు. వాళ్లలో 122 సెంటీమీటర్లకు తక్కువవాళ్లు 30 మంది. ఆ 30 మందిలో 99 దాటినవాళ్లు 20 మంది, దాటనివాళ్లు 10 మంది. బయట ఆగే ప్రతి ఇద్దరు పిల్లలకూ ఒక పెద్ద మనిషి తోడుండాలి.

మొదటిది 50 మీటర్ల కోస్టర్, గీత 122 దగ్గర. పిల్లలు 30 మంది, తోడుగా 15 మంది ఆగిపోయారు. ఎక్కేది 55 మంది.

రెండోది 20 మీటర్ల కోస్టర్, గీత 99 దగ్గర. ఆగేది 10 మంది పిల్లలు, 5 మంది పెద్దలు. ఎక్కేది 85 మంది.

మూడోది గీత లేని మాయామందిరం. నూరుమందీ ఎక్కుతారు.

అయితే మూడోదే కొనాలా? తొందరపడకండి! మీ పార్కులో ఇంతకుముందే ఏమేమి ఉన్నాయో చూడాలి. చిన్నపిల్లల రైడ్లు పది ఉండి, మీ అక్కయ్యల వయసువాళ్లకు ఒక్కటీ లేకపోతే, మొదటిదే సరైన జవాబు కావచ్చు. అప్పుడు సంచులు పట్టుకుని విసుగ్గా నిలబడ్డది వాళ్లే గదా! ప్రశ్న ఎప్పుడూ ఒకటే. బయట నిలబడిందెవరు? జవాబు మాత్రం పార్కుకొక రకంగా ఉంటుంది.

ఇంట్లో చేసి చూడడానికి ఒక ప్రయోగం. పాత ప్లాస్టిక్ గొట్టాన్ని పెద్దవాళ్లచేత నిలువుగా సగానికి కోయించండి. ఒక కొనను కుర్చీమీద ఆనించి, మధ్యలో పుస్తకాలు పేర్చి చిన్న కొండలాగ చేయండి. పైనుంచి గోళీని వదలండి. రెండో కొండ మొదటి ఎత్తుకు ఎంత తక్కువగా ఉంటే గోళీ దాటుతుందో కొలవండి. రెండూ సమానంగా ఉంటే దాటదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఈసారి పార్కుకు వెళితే కోస్టర్ గేటు ముందు అయిదు నిమిషాలు ఆగండి. గీత ఎంత ఎత్తున ఉంది, నిమిషానికి ఎంతమంది లోపలికి పోతున్నారు, బయట ఎంతమంది మిగిలారు, లెక్కపెట్టి రాసుకోండి. పార్కులో అభిప్రాయాలు రాసే పుస్తకం ఉంటే అందులో ఆ అంకెలు రాయండి. "మాకు బాగులేదు" అన్న మాటకన్నా "మీ గేటు ముందు పది నిమిషాల్లో ఇరవైమంది పిల్లలు ఆగిపోయారు" అన్న మాటకు బలం ఎక్కువ.

మా కుర్రవాడు ఇప్పుడు పదో తరగతి. మొన్న తరగతి గోడకు నిలబెట్టి కొలిస్తే ఆ రోజుకన్నా నాలుగు వేళ్లు పెరిగాడు. మీరూ పెరుగుతారు. అంతవరకు మాత్రం బూట్లలో పేపరు పెట్టకండి!